నల్లమల నీడలో – 9: సింహాన్ని చల్లార్చిన పసివాడు

మహానందిలో లింగాన్ని తాకినవాళ్లు వేళ్లతో ఒక పల్లం కోసం తడుముతారు. ఆవు గిట్ట దిగిన గుర్తు అది. ఇక్కడి లింగం నిటారుగా నిలబడి ఉండదు. తొక్కితే అణిగిన పుట్టలాగా తట్టుగా, ఎగుడుదిగుడుగా ఉంటుంది. దాని అడుగు నుంచే ఊట పుట్టి రుద్రగుండంలోకి వస్తుంది. అంత తేటగా ఉంటుంది కాబట్టి ఐదడుగుల లోతున పడిన రూపాయి బిళ్ల మీద బొమ్మా బొరుసూ కూడా పైనుంచే తెలుస్తాయి. పోయిన భాగంలో ఆ నీళ్ల సంగతీ, నవనందుల దారీ చెప్పుకున్నాం. గిట్ట ముద్ర కథను మాత్రం కావాలనే దాటేశాను. అది ఈ భాగానికి చెందినది.

కథ ఇట్లా చెబుతారు. నందుడనే రాజు మందలో ఒక ఆవు ఇంటికి వచ్చేసరికి పొదుగు ఖాళీగా ఉండేది. కాపరి వెంట వెళ్లి చూస్తే, అడవిలో ఒక పుట్ట మీద నిలబడి పాలు ధారగా వదులుతోంది. పుట్టలోంచి పసివాడి రూపంలో శివుడు నోరు తెరిచి తాగుతున్నాడు. కాపరి పరుగున పోయి రాజుకు చెప్పాడు. రాజు మర్నాడు పొద చాటున కూర్చున్నాడు. మనిషి అలికిడికి ఆవు బెదిరి ముందుకు దూకింది, గిట్ట పుట్ట మీద పడింది. పసివాడు కనబడకుండా పోయాడు. రాయి మిగిలింది.

చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఈ మధ్యనే ఇందులో ఒక సంగతి తట్టింది. బిడ్డ ఎవరినీ ఏమీ చెయ్యలేదు, ఆకలేసి పాలు తాగాడు. చాటు నుంచి తొంగిచూసిన పెద్దవాళ్ల వల్లే అంతా చెదిరిపోయింది. అలౌకిక శక్తి ఉన్న పిల్లల కథల్లో మొదట చూడవలసింది చుట్టూ ఉన్న పెద్దవాళ్లు ఏం చేస్తున్నారన్నదేనని అప్పుడు అనిపించింది.

ఈ ఆలోచనకు కారణం నంద్యాలలో ఉన్న మా మేనకోడలు. ఎనిమిదో తరగతి. పోయిన వేసవి సెలవుల్లో వాళ్లింటికి పోతే 'స్ట్రేంజర్ థింగ్స్' చూస్తోంది. గుండు చేసిన ఒక ఆడపిల్ల, చేతి మీద 011 అని పచ్చబొట్టు, ముక్కులోంచి రక్తం. ఆ పిల్ల కోపంగా చూస్తే తలుపులు విరిగిపోతున్నాయి, మనుషులు కూలిపోతున్నారు.

"మామా, మన కథల్లో ఇట్లాంటి పిల్లోళ్లు లేరా?" అనడిగింది.

"ప్రహ్లాదుడు లేడూ?" అన్నాను.

"వాడేం చేస్తాడు? కొడితే పాట పాడతాడు. చేసేదంతా దేవుడే కదా."

ఆ పూట నా దగ్గర జవాబు లేదు. ఈ వ్యాసమే నా జవాబు.

ముందు ఆ పిల్ల చూస్తున్న దాని పూర్వీకుల సంగతి. చేతికి లొంగని శక్తితో పుట్టిన పిల్లలు అమెరికా టెలివిజన్‌కు కొత్తవాళ్లు కారు. 1961 నవంబర్ 3న 'ది ట్వైలైట్ జోన్' అనే ధారావాహికలో ఒక భాగం ప్రసారమైంది. జెరోమ్ బిక్స్‌బీ 1953లో రాసిన కథ ఆధారం. ఒహాయో రాష్ట్రంలో పీక్స్‌విల్ అనే చిన్న ఊరు, అందులో ఆంథనీ అనే ఆరేళ్ల పిల్లవాడు. వాడు ఏది అనుకుంటే అది జరుగుతుంది. కరెంటు వద్దనుకున్నాడు, పోయింది. మోటారు కార్లు వద్దనుకున్నాడు, పోయాయి. ఊరి బయట లోకమంతా ఉందో లేదో కూడా ఎవరికీ తెలియదు. వాడికి నచ్చని తలపు మనసులోకి రానిచ్చినవాళ్లు మొక్కజొన్న చేలోకి మాయమైపోతారు. అందుకని ఊరంతా నవ్వుతూ బతుకుతుంది. వాడు ఏం చేసినా "మంచి పని చేశావు నాయనా" అంటుంది. పుట్టినరోజు విందులో ఒకాయన తట్టుకోలేక, ఎవరైనా వీణ్ని వెనక నుంచి కొట్టండని అరుస్తాడు. ఒక్కరూ కదలరు. ఆ మనిషిని వాడు డబ్బాలోంచి తల ఎత్తి ఆడే స్ప్రింగు బొమ్మను చేస్తాడు. చివర్లో మంచు కురిపిస్తాడు. పైరు చచ్చిపోతుందని తెలిసీ తండ్రి, ఇదీ మంచిదేనంటాడు.

నన్ను కలవరపెట్టేది పిల్లవాడి దుర్మార్గం కాదు. ఆ ఊళ్లో వాడికి 'వద్దు' అనే మాట చెప్పినవాళ్లు ఎవరూ లేకపోవడం. ఆంథనీ వేషం వేసిన బిల్లీ మూమీ 2003లో వచ్చిన కొనసాగింపులో అదే పాత్రను నడివయసులో మళ్లీ వేశాడు. అందులో వాడికి ఒక కూతురు, ఆ కూతురికీ శక్తి. నిజజీవితంలో మూమీ కూతురే ఆ పాత్ర వేసింది.

1966 సెప్టెంబర్ 15న 'స్టార్ ట్రెక్'లో చార్లీ వచ్చాడు. పదిహేడేళ్లవాడు. మూడేళ్ల వయసులో ఓడ కూలి ఒక గ్రహం మీద ఒంటరిగా మిగిలితే, అక్కడి అశరీరులు వాడు బతకడానికని శక్తి ఇచ్చారు. మనుషుల మధ్యకు తిరిగి వచ్చాక ఎట్లా మాట్లాడాలో, ఎక్కడ ఆగాలో వాడికి తెలియదు. కోపమొస్తే మనుషుల్ని మాయం చేస్తాడు, ఒకమ్మాయి ముఖమే చెరిపేస్తాడు. చివరికి అశరీరులు వచ్చి తీసుకుపోతుంటే, ఉండనివ్వండని ఏడుస్తాడు. వాళ్లను తాకలేను, వాళ్లకు ప్రేమ లేదని మొత్తుకుంటాడు. కెప్టెన్ కూడా వాడి తరఫున అడుగుతాడు కానీ ఫలితం ఉండదు. ఆ అరగని దుఃఖం కోసమే ఈ భాగాన్ని యాభై ఏళ్లు దాటినా జనం తలుచుకుంటున్నారనుకుంటాను.

ఇక 2016 జూలై 15న వచ్చిన మా మేనకోడలి ఇష్టురాలు ఎలెవెన్. కథాకాలం 1983, ఊరు హాకిన్స్. పసికందుగా తల్లి నుంచి తెచ్చి ప్రయోగశాలలో పెంచారు. తనను నీళ్ల తొట్టిలో ముంచి పరీక్షలు చేసే డాక్టర్ బ్రెన్నర్‌ను ఆ పిల్ల 'పాపా' అని పిలుస్తుంది. లోకాల మధ్య గోడ బద్దలైంది ఆ పరీక్షల వల్లనే. తప్పించుకున్న పిల్లను తోటి పిల్లలు ఇంటి నేలమాళిగలో దాచి, తిండిపెట్టి, స్నేహమంటే ఏమిటో చెబుతారు.

వీటిలో మొదటి రెండూ అణుబాంబు చూసిన తరం కన్న కథలు. చేతిలో పట్టనంత శక్తి పుట్టింది, దాన్ని ఎవరికి అప్పగించాలో తెలియదు. ఆ భయాన్ని వాళ్లు బిడ్డ ముఖంలో చూసుకున్నారని నా అభిప్రాయం.

మనవాళ్లకు ఆ భయం లేదా? ఉంది. భారతంలో చిన్ననాటి భీముడిని చూడండి. కౌరవ పిల్లల్ని పదేసి మందిని ఒక్కసారి పట్టి నీళ్లలో ముంచేవాడు. పళ్ల కోసం వాళ్లు చెట్టెక్కితే మొదలు పట్టి ఊపేవాడు, పళ్లతోపాటు పిల్లలూ రాలేవారు. పసితనంతోనే తప్ప ద్రోహబుద్ధితో చెయ్యలేదని వ్యాసుడు సాక్ష్యం చెబుతాడు. దెబ్బలు తిన్నవాడికి ఆ తేడా ఎక్కడ తెలుస్తుంది? దుర్యోధనుడి మనసులో విషం అక్కడే పుట్టింది, తర్వాత అన్నంలో కలిసింది. 1972లో కమలాకర కామేశ్వరరావు తీసిన 'బాలభారతం' ఈ ఘట్టాలతోనే నడుస్తుంది. హాలులో పిల్లలంతా భీముడికి చప్పట్లు కొడుతుంటే, ఒక మూల కూర్చుని చెట్టు నుంచి రాలినవాళ్ల వైపు నుంచి కథ చూడాలనిపించింది నాకు.

హనుమంతుడిది మరో దారి. సూర్యుణ్ని పండనుకుని ఎగిరిన బిడ్డ. వజ్రాయుధం దెబ్బ తిన్నాక దేవతలంతా వరాలిచ్చారు, అవి పట్టుకుని ఋషుల ఆశ్రమాల మీద పడ్డాడు. యజ్ఞపాత్రలు విరగ్గొట్టాడు, నారచీరలు చింపాడు. ఋషులు ఏం చేశారు? చంపలేదు, గొలుసులు వెయ్యలేదు, ఎక్కడికీ తరిమెయ్యలేదు. ఎవరో గుర్తుచేసేదాకా నీ బలం నీకు గుర్తుండకపోవు గాక అన్నారు. శాపమని పేరే గానీ, పసివాడికి ఎదిగే వ్యవధి ఇవ్వడం అది. సముద్రపు ఒడ్డున జాంబవంతుడు గుర్తుచేసేనాటికి ఆ బలానికి ఒక పని సిద్ధంగా ఉంది. ప్రపంచంలో ఏ ధారావాహిక రచయితకూ ఇంత సున్నితమైన ఉపాయం తట్టినట్టు నేను ఎరగను.

ప్రహ్లాదుడి దగ్గరికి వద్దాం. అంటే అహోబిలానికి.

మహానంది నుంచి నంద్యాల వచ్చి ఆళ్లగడ్డ దారి పడితే ఎడమ చేతి వైపు నల్లమల వెంటే వస్తుంది. దిగువ అహోబిలం దగ్గర ఊరు, పెద్ద గుడి, సత్రాలు. అక్కడి నుంచి ఎనిమిది కిలోమీటర్లు పైకి పోతే ఎగువ అహోబిలం. ఆ తర్వాత రోడ్డు లేదు, భవనాశి వాగు వెంబడి రాళ్ల మీద నడక. ఎదురుగా కొండ నెత్తి రెండుగా చీలి నిలబడి ఉంటుంది. దాన్నే ఉగ్రస్తంభం అంటారు. స్వామి వెలువడిన స్తంభం అదేనని నమ్మకం. దాని కిందుగా జలపాతం చాటున జ్వాలా నరసింహుడి గుహ, హిరణ్యకశిపుణ్ని చీల్చిన చోటు. పక్కనే రక్తకుండం, చేతులు కడుక్కున్న మడుగు. ఆ కొండ మీదనే ప్రహ్లాద బడి అనే గుహ. గోడ మీద గీతలుంటాయి, ప్రహ్లాదుడు దిద్దిన అక్షరాలని చూపిస్తారు.

ఇంత చిన్న మేరలో బడి, స్తంభం, చావు, నెత్తుటి మడుగు. ఇది ఒక బిడ్డ చుట్టూ శక్తి బద్దలైన చోటు. పధ్నాలుగో శతాబ్దంలో ఎర్రాప్రగడ 'నృసింహపురాణం' రాసినప్పుడు ఈ అహోబిలాన్నే కేంద్రంగా తీసుకున్నాడు. పదిహేనో శతాబ్దంలో పోతన భాగవతం సప్తమ స్కంధంతో ప్రహ్లాదుడు తెలుగు ఇళ్లలో నోటికి వచ్చే పిల్లవాడైపోయాడు.

మేనకోడలి మాట సగం నిజం. ప్రహ్లాదుడి చేతిలో శక్తి ఏమీ లేదు. ఏనుగులతో తొక్కించారు, పాములతో కరిపించారు, విషం పెట్టారు, నిప్పులో తోశారు, కొండ మీద నుంచి పడేశారు, సముద్రంలో ముంచారు. ఏదీ అంటలేదు. ఎందుకు అంటలేదో వాడు వివరించడు. కాపాడమని అడగను కూడా అడగడు. ఇక్కడ ఒక్కమారు హాకిన్స్ ప్రయోగశాలను తలుచుకోండి. తండ్రి, తండ్రి చెప్పినట్టు చేసే గురువులు, ఒకదాని తర్వాత ఒకటి పరీక్షలు, ప్రతి పరీక్ష తర్వాత మరింత పెరిగే తండ్రి భయం. ఎలెవెన్ 'పాపా' అని పిలిచే మనిషికీ హిరణ్యకశిపుడికీ మధ్య దూరం తక్కువ. ఇద్దరికీ కావలసింది బిడ్డ కాదు. బిడ్డలో ఉన్నదేదో అది తమ మాట వినాలి. వినకపోతే అది ఉండకూడదు.

అయితే కథ స్తంభం దగ్గర ఆగదు. మా పిల్లకు తెలియంది, చాలామంది పెద్దలూ మరిచిపోయింది, ఆ తర్వాతి ఘట్టం. హిరణ్యకశిపుడు చనిపోయాడు, పని అయిపోయింది. కానీ సింహం ఆగలేదు. ఆ గర్జనకు దిక్కులు అదురుతున్నాయి. బ్రహ్మ, రుద్రుడు, ఇంద్రుడు, సిద్ధులు, నాగులు అంతా దూరంగా నిలబడి స్తోత్రాలు చేశారు. ఎవరికీ దగ్గరికి పోయే ధైర్యం లేదు. లక్ష్మీదేవిని వెళ్లమన్నారు. అటువంటి రూపం తాను ఎన్నడూ చూడలేదని ఆమె కూడా వెనకాడింది. అప్పుడు బ్రహ్మ పసివాడి వైపు తిరిగాడు. నాయనా, నీ తండ్రి వల్ల పుట్టిన కోపం ఇది, నువ్వు పోయి చల్లార్చు అన్నాడు. వాడు సరేనని మెల్లగా నడిచి వెళ్లి కాళ్ల మీద పడ్డాడు. సింహం చెయ్యి వాడి తల మీద పెట్టింది.

ఆ నెత్తుటి గోళ్ల చెయ్యే, క్షణం ముందు వాడి తండ్రిని చీల్చినది! ఆ తర్వాత వాడు చేసిన స్తుతిలో, ఈ కోరలు, ఈ గర్జన నాకు భయం పుట్టించడం లేదు స్వామీ, సంసారమే భయంగా ఉందంటాడు. వరం కోరుకోమంటే తండ్రికి మంచి గతి ఇమ్మంటాడు.

అందుకే చెబుతున్నాను, వాడు ఏమీ చెయ్యడన్నది తప్పు. ఆగడం తెలియని శక్తిని ఆపినవాడు వాడొక్కడే. పీక్స్‌విల్‌లో బిడ్డ శక్తికి పెద్దలు వణికారు. అహోబిలంలో దేవుడి శక్తికే పెద్దలు వణికితే బిడ్డ ముందుకు నడిచాడు.

ఈ కథను కొండ కూడా ఇట్లాగే చెబుతుందని ఆలస్యంగా గమనించాను. ఎగువన ఉన్నవాడు ఉగ్ర నరసింహుడు. మనుషులు కాపురముండే దిగువన గుడిలో ఉన్నవాడి పేరు ప్రహ్లాదవరదుడు. చల్లబడిన స్వామికి బిడ్డ పేరు అతుక్కుంది.

చల్లార్చడం గురించి అడవిలో ఇంకో మాట ఉంది. కోపం తీరక నల్లమలలో తిరుగుతున్న స్వామికి చెంచుపిల్ల ఎదురుపడిందని, ఆమెను చూసి శాంతించి పెళ్లాడాడని చెంచులు చెబుతారు. వాళ్లకు ఓబులేసుడు ఇంటి అల్లుడు. 1943లోనూ 1958లోనూ వచ్చిన 'చెంచులక్ష్మి' సినిమాలు ఆ కథవే. శైవులకు వేరే మాట ఉంది, శివుడు శరభ రూపమెత్తి సింహాన్ని అణిచాడని. మూడింటిలో నాకు బిడ్డ కథే దగ్గర, చెంచుల కథ ఆ తర్వాత. శరభుడి కథలో ఒక బలాన్ని ఇంకో బలం కొట్టింది, అంతే.

ఇప్పుడు తెర సంగతి. ఈ బిడ్డ గుహలోంచి తెర మీదకు నడిచిన దారి కూడా రాయలసీమలోనే మొదలైంది. కడప జిల్లా చక్రాయపేట దగ్గర సురభి అనే ఊరుంది. 1885లో వనారస గోవిందరావు అక్కడ 'కీచకవధ' ఆడించారు. తోలుబొమ్మలు ఆడించే కుటుంబాలవాళ్లు మనుషులుగా రంగం మీదకు వచ్చారు. ఆడవేషాలు ఆడవాళ్లే వేశారు. ఊరి పేరే సమాజం పేరైంది. సురభి కమలాబాయి అయితే, తల్లి నాటకం ఆడుతుండగా రంగస్థలం మీదే పుట్టిందని చెబుతారు. అటువంటి కుటుంబాల్లో నడక వచ్చిన బిడ్డకు మొదట దొరికే వేషాలు బాలకృష్ణుడు, లవుడు, కుశుడు, ప్రహ్లాదుడు.

సురభి వాళ్ల 'భక్త ప్రహ్లాద' చూడనివాళ్లకు చెప్పడం కష్టం. పొగ లేస్తుంది, మంట చిమ్ముతుంది, స్తంభం రెండుగా విచ్చుకుంటుంది, లోపలి నుంచి నరసింహుడు దూకుతాడు. ముందు వరుసలో చిన్నపిల్లలు గుక్కపెట్టి ఏడుస్తారు. రంగం మీద ఉన్న చిన్నపిల్లవాడు మాత్రం చేతులు జోడించి నిలబడతాడు. ఆ నరసింహుడు వాడి బాబాయో మేనమామో అయి ఉంటాడు, రోజూ తనకు అన్నం తినిపించే చెయ్యే అది. దగ్గరికి పోవడానికి వాడికి భయమెందుకు? పోతన చెప్పిన ఘట్టాన్ని ఇంత సూటిగా చూపించే ఏర్పాటు ఏ సినిమాకూ లేదు.

తెలుగులో మొదటి టాకీ కూడా ఈ బిడ్డ కథే కావడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. బళ్లారిలో తెలుగు నాటకానికి ఊపిరి పోసిన ధర్మవరం రామకృష్ణమాచార్యుల నాటకం ఆధారంగా, హెచ్.ఎం. రెడ్డి బొంబాయిలో 'భక్త ప్రహ్లాద' తీశారు. 1932 ఫిబ్రవరి 6న విడుదలైంది. 1931 సెప్టెంబర్ 15 అని చాలాకాలం అనుకున్నా, రెంటాల జయదేవ పరిశోధనతో ఈ తేదీ స్థిరపడింది. సురభి కమలాబాయి లీలావతి, మునిపల్లె సుబ్బయ్య హిరణ్యకశిపుడు, మాస్టర్ కృష్ణ అనే బాలుడు ప్రహ్లాదుడు. తర్వాత మహాదర్శకుడైన ఎల్.వి. ప్రసాద్ అందులో చండామార్కుల బడిలో ఒక మందబుద్ధి శిష్యుడు. తెలుగు తెర మొట్టమొదట మాట్లాడింది ఒక పసివాడి గొంతుతో, తండ్రికి ఎదురు చెప్పే మాటతో!

1967లో ఏవీఎం వారి రంగుల 'భక్త ప్రహ్లాద' వచ్చింది. దర్శకుడు చిత్రపు నారాయణమూర్తి. ఎస్.వి. రంగారావు హిరణ్యకశిపుడు, అంజలీదేవి లీలావతి, మంగళంపల్లి బాలమురళీకృష్ణ నారదుడు, రోజారమణి ప్రహ్లాదుడు. మా తరం ప్రహ్లాదుడంటే ఆ ఆడపిల్ల ముఖమే. తర్వాత టీవీలో ఎన్ని పండగలకు వేశారో! నలుపు తెలుపు పెట్టె చుట్టూ వీధంతా కూర్చుని చూసిన సినిమా అది. స్తంభం బద్దలయ్యేదాకా ఊపిరి బిగబట్టేవాళ్లం. అది అయిపోగానే ఆడవాళ్లు పొయ్యి గుర్తొచ్చి లేచిపోయేవాళ్లు, మగపిల్లలు వీధిలోకి పరుగెత్తి స్తంభాలు తన్నేవాళ్లు. బిడ్డ దగ్గరికి నడిచే ఘట్టం ఎవరూ సరిగ్గా చూడలేదు. తెర మీద బద్దలవడం ఎప్పుడూ పెద్దదిగా కనబడుతుంది. చల్లబడడానికి అంత వెలుగు ఉండదు.

2025 జూలైలో 'మహావతార్ నరసింహ' అనే యానిమేషన్ చిత్రం వచ్చినప్పుడు నంద్యాలలో మా వాళ్లతోపాటు చూశాను. హాలు పిల్లలతో నిండిపోయింది. పరీక్షలూ యుద్ధమూ ఉరుముల్లా సాగాయి. చెవులు గింగురుమంటుండగా మా మేనకోడలి వైపు చూశాను. కళ్లార్పకుండా చూస్తోంది.

ఈ తెర కథలంత హాయిగా చెప్పుకుంటూ పోలేని సంగతి ఒకటుంది. నిజంగా ఒక పిల్లవాడు వింతగా ప్రవర్తిస్తే మన సీమ ఏం చేసింది?

1940 మార్చి. అనంతపురం జిల్లా ఉరవకొండ. అన్న దగ్గర ఉండి చదువుకుంటున్న పదమూడేళ్ల సత్యనారాయణరాజు ఒక సాయంత్రం కాలు పట్టుకుని కేకవేశాడు. తేలు కుట్టిందనుకున్నారు, వెతికితే తేలు లేదు. ఆ తర్వాత రోజుల తరబడి ఏడుపు, నవ్వు, మౌనం, ఎవరికీ తెలియని శ్లోకాలు. గాలి సోకిందన్నారు. డాక్టర్లకు చూపించారు, మంత్రగాళ్లకు చూపించారు. కదిరి ప్రాంతంలోని ఒక భూతవైద్యుడి దగ్గరికి తీసుకుపోయారు. అతడు తల గొరిగించి, నెత్తి మీద కత్తితో గాట్లు పెట్టి, వాటిలో నిమ్మరసం, వెల్లుల్లి రసం పోశాడు. కళ్లల్లో కలికం పెట్టాడు. ముఖం గుర్తుపట్టలేనంత వాచిపోయింది. ఇదంతా పుట్టపర్తి సత్యసాయిబాబా జీవిత చరిత్రలో ఎన్. కస్తూరి రాసినదే. మే 23న తండ్రి పెద్ద వెంకమరాజు కర్ర పట్టుకుని, నువ్వు దేవుడివా, దయ్యానివా, పిచ్చివాడివా అని నిలదీశారు. నేను సాయిబాబానని బిడ్డ చెప్పాడు.

ఆ తర్వాతి చరిత్ర జగమెరిగినదే. దాని మీద నమ్మకం ఉన్నవాళ్లూ లేనివాళ్లూ ఎవరి దారి వాళ్లది. నేను ఆగిపోయేది ఆ నెత్తి మీది గాట్ల దగ్గర. ఆ తండ్రి హిరణ్యకశిపుడు కాడు. బిడ్డ మీద ప్రేమతో, భయంతో, ఊరివాళ్లు చెప్పిన మందల్లా వేయించిన ఒక పల్లెటూరి తండ్రి. చూడలేక చివరికి వైద్యం మానిపించింది కూడా కన్నవాళ్లే. ఆ పేరూ ప్రఖ్యాతీ రాని పిల్లలు మన ఊళ్లలో ఎందరు? మూర్ఛ వచ్చినా, మనసు చెదిరినా, పూనకమని వేపమండలతో కొట్టించుకున్నవాళ్లు, పొగ పట్టించుకున్నవాళ్లు, వాతలు పెట్టించుకున్నవాళ్లు. నా బడి రోజుల్లో మా వెనక బెంచీలో ఉండే పిల్లవాడి ముంజేతుల మీద అటువంటి వాతలే ఉండేవి. వాడు చొక్కా చేతులు ఎప్పుడూ మడిచేవాడు కాదు. వాడికి ఏం జబ్బో అడగాలన్న బుద్ధి మాకు ఉండేది కాదు. వాడి పక్కన కూర్చుంటే గాలి మాకూ సోకుతుందని జరిగి కూర్చునేవాళ్లం. అది తలుచుకుంటే ఇప్పటికీ మెడ వంగిపోతుంది.

కదిరి అన్నాను కాబట్టి ఒక మాట. కదిరి గుడిలో నరసింహుడి పక్కన ప్రహ్లాదుడు చేతులు జోడించి నిలబడి ఉంటాడు. ఆ ఊరి ప్రాంతంలోనే ఒక పసివాడి నెత్తి మీద కత్తి పెట్టారన్నది నేను మరిచిపోలేను.

1997లో దూరదర్శన్‌లో 'శక్తిమాన్' మొదలైనప్పుడు ఇంకో రకం బాధ వచ్చిపడింది. గిరగిరా తిరిగి ఎగిరిపోయే ముకేశ్ ఖన్నాను చూసి పిల్లలు మిద్దెల మీద నుంచి దూకుతున్నారని వార్తలు వచ్చాయి. ఆ వార్తల్లో నిజమెంతో గానీ, ఆయన తెర మీదకు వచ్చి, ఇదంతా తీగలు కట్టి తీసింది, మీరు చెయ్యవద్దని పిల్లలకు చెప్పవలసి వచ్చింది. అట్లా వచ్చి చెప్పడం మంచి పని. ఒక పెద్దమనిషి పిల్లల కళ్లలోకి చూస్తూ 'వద్దు' అన్నాడు. పీక్స్‌విల్‌లో ఒక్కరూ అనలేని మాట.

మా మేనకోడలికి ఇదంతా ఒక్కసారి చెప్పలేదు. సంక్రాంతికి అహోబిలం తీసుకుపోయాను. కనుమ రోజు పారువేట మొదలవుతుంది. స్వామి తన పెళ్లికి పిలవడానికి ఊరూరా పల్లకీలో బయలుదేరతాడు. నలభై రోజులు తిరుగుతాడు. చెంచులు వచ్చి పల్లకీ వైపు బాణాలు వేస్తారు, మా ఆడబిడ్డను ఎత్తుకుపోయిన అల్లుడివి కదా అన్న చనువుతో. ఆ తర్వాత బోయీలు పల్లకీ భుజాన వేసుకుంటారు. ఏ ఊళ్లో ఏ రోజు, ఏ అరుగు మీద దించాలి, ముందు ఎవరి పూజ అన్నీ తరాల నాటి లెక్క.

జనంలో మునివేళ్ల మీద లేచి పల్లకీలోకి తొంగిచూసింది మా పిల్ల.

"ఇద్దరున్నారు మామా!"

"ఇద్దరే. ఒకరు ఎగువ నుంచి దిగి వచ్చిన జ్వాలా నరసింహుడు. ఇంకొకరు దిగువ గుడిలోని ప్రహ్లాదవరదుడు."

"కోపం ఉన్నోడూ, కోపం పోయినోడూ ఒకే పల్లకీలోనా?"

బోయీలు కేక పెట్టారు. పల్లకీ లేచింది. దారికి అడ్డం రావద్దని ఎవరో అరుస్తుంటే ఆ పిల్లను పక్కకు లాగాను. పల్లకీ మా ముందు నుంచి ఊగుతూ పోయి, శనగ చేల మధ్య బాట పట్టింది.

(వచ్చే భాగం: రవ్వలకొండ కింద గిరి గీసి ఆవుల్ని నిలిపినవాడు – బనగానపల్లెలో వీరబ్రహ్మం)